పరాయి పల్లెకు ఉప్పల్ నుంచి దారి

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర సాయంత్రంపూట రెండు రకాల ప్రయాణికులు పక్కపక్కనే కనిపిస్తారు. యాదగిరిగుట్ట, జనగామ, వరంగల్ బస్సుల కోసం సంచులు కింద పెట్టుకుని నిలబడేవాళ్ళు కొందరు. ఎల్బీనగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు కోసం చక్రాల సూట్‌కేసులు పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు కొందరు. మొదటివాళ్ళు పోయేది ఊరికి. రెండోవాళ్ళలో ఎక్కువమంది పోయేది నగరానికి: దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్, లేదంటే కొడుకో కూతురో ఉన్న డాలస్. విదేశాల్లో కూడా ఊళ్ళుంటాయని, అక్కడా నాట్లు వేస్తారని, సాయంత్రానికి పశువులు ఇంటికొస్తాయని తెలియనివాళ్ళు లేరు. టికెట్ కొనేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తుకు రాదు. వచ్చినా, అది డబ్బున్నవాళ్ళ సరదా అనో, వీపున సంచీ వేసుకు తిరిగే కుర్రకారు పని అనో పక్కన పెట్టేస్తారు.

ఆ రెండు మాటల్లో నిజమెంతో చూడాలంటే ముందు ఇక్కడ ఉండేదెవరో చూడాలి. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం ప్రాంతం జీతగాళ్ళది. సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ, ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు. వీటి చుట్టూ పెరిగిన కాలనీల్లో ఏడాదికోసారి ప్రయాణం పెట్టుకోగల కుటుంబాలు చాలానే ఉన్నాయి. కేంద్ర ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ (ఎల్టీసీ) ఉంది గానీ అది దేశం లోపలికే. ప్రయాణంలో విదేశీ మజిలీ ఉంటే ఎల్టీసీ పన్ను మినహాయింపు వర్తించదని 2022 నవంబరులో స్టేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి ఎల్లలు దాటే ప్రతి రూపాయీ సొంత జేబులోదే.

ఇక్కడో పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. ఉప్పల్ కలాన్ అనే పేరే ఒక ఊరి పేరు. ఎన్టీ రామారావు నాచారంలో స్టూడియో కట్టినప్పుడు దాని పేరులోనే ‘హార్టికల్చర్’ అని ఉండేది. అది తోటల మధ్య లేచిన స్టూడియో. ఇప్పుడిక్కడ ఉంటున్న యాభై ఏళ్ళవాళ్ళలో ఎక్కువమంది నల్లగొండ, వరంగల్, భువనగిరి వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళే. పొలం చూడ్డానికి వీళ్ళు పరాయి దేశం పోవాలా? వెక్కిరింతగా వినిపించినా దీనికి సూటిగానే జవాబు చెప్పవచ్చు. పల్లె తెలిసినవాడే పల్లెను బాగా చూడగలడు. వరిమడిలో నీళ్ళు ఎటు పోతున్నాయో, ఆ కొండవాలులో గట్టు ఎట్లా నిలిచిందో, ఆ ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుందో అడగాలన్న ఆలోచన అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగిన పిల్లలకు రాదు. వాళ్ళ తాతకు వస్తుంది. ఇంకో సంగతి: ఉప్పల్‌కు పెద్ద దూరం లేని భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడి మగ్గాల ముందు విదేశీయులు గంటలకొద్దీ కూర్చుంటే ఎవరికీ వింతగా లేదు. మనవాళ్ళు ఇంకొకరి ఊళ్ళో కూర్చోవడమే వింత.

ప్యాకేజీ టూర్ల సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఏడు రాత్రులకు అయిదు నగరాలు చూపించే బస్సులో పల్లె అంటే కిటికీ అవతలి దృశ్యం, లేదా టాయిలెట్ కోసం ఆగే చోటు. స్విట్జర్లాండ్ ప్యాకేజీలో మంచు శిఖరానికి రోప్‌వే ఉంటుంది, చాక్లెట్ దుకాణం ఉంటుంది, ఇండియన్ భోజనం ఉంటుంది. ఆ కొండ కింద గడ్డి కోసి ఎండబెట్టే మనిషితో మాట్లాడే వేళ ఉండదు. పైగా విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ పేరుతో పన్ను ముందుగానే వసూలు చేస్తారు. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. నడవలేని పెద్దలున్నప్పుడు, భాష భయం మరీ ఎక్కువైనప్పుడు ప్యాకేజీకి అర్థముంది. పల్లె చూడాలన్నవాళ్ళకు మాత్రం అది పనికిరాదు.

సొంతంగా వెళ్ళేవాళ్ళు మొదట చేసే పొరపాటు, చవక విమాన టికెట్ ఎక్కడికి దొరికితే ఆ దేశం ఎంచుకోవడం. నగరం చూసేవాళ్ళకు అది సరే. పల్లెకు టికెట్ ధర కంటే దిగిన తర్వాతి దారే ఖరీదు. బస్సు లేని ఊరికి కారు కావాలి, కారుకు డ్రైవరు కావాలి, హోటల్ లేని చోటినుంచి చీకటి పడేలోపే వెనక్కి రావాలి. చిన్న బడ్జెట్‌తో పల్లె చూడాలంటే రెండు సౌకర్యాలున్న దేశాన్ని వెతుక్కోవాలి. ఒకటి, ఊరిదాకా పోయే మామూలు బస్సో రైలో. రెండోది, అతిథులను ఇళ్ళల్లో ఉంచుకోవడానికి ఊరివాళ్ళే చేసుకున్న ఏర్పాటు. ఈ రెండూ ఉన్నచోట ఒకే ఊళ్ళో నాలుగు రాత్రులుంటే, నాలుగు ఊళ్ళల్లో ఒక్కో రాత్రి గడిపినదానికంటే ఖర్చు తగ్గుతుంది, చూసేది పెరుగుతుంది. ఈ కొలత పెట్టి చూస్తే దేశాల వరుస మారిపోతుంది.

వరుసలో మొదట నిలిచేది నేపాల్. నాచారం వాళ్ళకు ఆ దేశం ఇంటి వెనకాలే మొదలవుతుందనాలి. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు మార్చిన రైళ్ళలో గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. అది రోజూ ఉండదు. ఒక పగలు, ఒక రాత్రి దాటి సాగే ప్రయాణం. గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ సరిహద్దు దాదాపు వంద కిలోమీటర్లు, బస్సులు ఉంటాయి. అక్కడ కమాను కింద నడిచి అవతలికి పోతే వేరే దేశం. 1950 నాటి ఒప్పందం వల్ల భారతీయులకు వీసా లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ ఉంది కదా అని బయలుదేరేవాళ్ళు ఇక్కడే ఇబ్బంది పడతారు. 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 65 దాటినవాళ్ళకు తప్ప అది సరిపోదు. నేపాలీ రూపాయి లెక్క 1993 నుంచీ మారలేదు: మన వందకు వాళ్ళ నూట అరవై. కొన్ని దుకాణాల్లో యూపీఐ పనిచేస్తోంది గానీ పల్లెలో నోట్లే నడుస్తాయి.

సరిహద్దు దాటగానే కనిపించేది కొండలు కావు, తెరాయి మైదానం. చాలామంది ఈ మైదానాన్ని నిద్రలో దాటేసి పోఖరాలో కళ్ళు తెరుస్తారు. అది నష్టమే. బుట్వల్ నుంచి తూర్పుకు నారాయణ్‌గఢ్ పోయే రహదారి పక్కన, నవల్‌పూర్ జిల్లాలో, చిత్వన్ అడవి అంచున అమల్తరి అనే ఊరుంది. థారూ, బోటే, ముసహర్ వర్గాలవాళ్ళు ఉండే ఊరు. 2013లో వన్యప్రాణి సంరక్షణ సంస్థల సాయంతో ఇక్కడ హోంస్టే మొదలైంది. అతిథి నేరుగా ఏ ఇంటి తలుపూ తట్టడు. ముందు ఊరి కమిటీ దగ్గరికి పోవాలి. ఈ రాత్రి ఎవరి వంతో చూసి వాళ్ళింటికి పంపుతారు. ధర కమిటీ పెట్టినదే, బేరం లేదు. వచ్చిన దాంట్లో కొంత ఊరి నిధికి పోతుంది. మట్టి అలికిన గోడలు, ముగ్గు లాంటి బొమ్మలు, దోమతెర కట్టిన మంచం, తెల్లారి నారాయణి ఒడ్డున ఖడ్గమృగం అడుగుజాడలు. పక్కింటికి ఎక్కువమంది, మనింటికి తక్కువమంది అన్న పేచీ రాకుండా వంతులు వేసుకోవడమే ఈ పద్ధతికి బలం. హోటళ్ళున్న ఊళ్ళో లాభం ఒకరిద్దరికి చేరుతుంది, ఇక్కడ వీధంతా పంచుకుంటుంది.

ఈ పద్ధతి నేపాల్‌కు కొత్త కాదు. పోఖరాకు దక్షిణాన స్యాంజా జిల్లాలోని సిరుబారీ అనే గురుంగుల ఊరు 1997లోనే దీన్ని మొదలుపెట్టింది. గూర్ఖా పటాలాల్లో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చిన పెద్దలు ముందు నడిచారు; అతిథికి ఊరి పొలిమేరలోనే పూలదండ వేసి, పంచెబాజా వాయిద్యాలు మోగించి తీసుకుపోవడం వాళ్ళు పెట్టిన ఆనవాయితీ. 2010లో ప్రభుత్వం హోంస్టేలకు నియమావళి తెచ్చింది. లమ్‌జుంగ్‌లోని ఘలేగావ్, బర్దియాలోని డల్లా ఇదే బాటలో పేరు తెచ్చుకున్నవి.

భోజనం దగ్గర తెలుగువాళ్ళకు నేపాల్‌లో దిగులుండదు. పప్పు, అన్నం, కూర, ఆకుకూర, ఓ ముక్క పచ్చడి. పప్పూ అన్నమూ అడిగిన కొద్దీ వడ్డిస్తారు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి నడవాలంటే సార్క్ దేశాల వాళ్ళకు రుసుము వెయ్యి నేపాలీ రూపాయలు, అంటే మన 625. ఇతర విదేశీయులు దానికి మూడింతలు కడతారు. కష్టమంతా రోడ్డు దగ్గరే. బుట్వల్–నారాయణ్‌గఢ్ దారి ఏళ్ళ తరబడి విస్తరణ పనుల దుమ్ములో ఉంది. వానాకాలంలో కొండ విరిగిపడటం మామూలు. 2024 జులైలో సిమల్తాల్ దగ్గర రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ దారుల్లో చవక ప్రయాణం పెట్టుకోవడం మంచి ఆలోచన కాదు. రాత్రి బస్సు అసలే వద్దు.

భూటాన్‌లో లెక్క వేరు. హాసిమారా దాకా రైలు, అక్కడి నుంచి ఫుంట్‌షోలింగ్ ఎంతో దూరం లేదు, ఓటరు కార్డు చాలు, నోటు కూడా మన రూపాయితో సమానం. కానీ 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు ఒక్కొక్కరు రాత్రికి 1,200 రూపాయలు సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు సగం. దంపతులు అయిదు రాత్రులుంటే 12 వేలు గేటు దగ్గరే. గది, భోజనం, కారు దీని మీద. ఇతర దేశాల వాళ్ళకు రాత్రికి వంద డాలర్లు కాబట్టి మనకిది రాయితీయే. అయినా నెమ్మదిగా ఉండాలనుకునేవాడికి ప్రతి అదనపు రాత్రీ మీటరు తిరిగినట్టే. అందుకే భూటాన్‌కు వెళ్ళేవాళ్ళు లోయలన్నీ తిరగాలన్న ఆశ వదులుకుని, హా గానీ ఫొబ్జిఖా గానీ ఒక్కటి ఎంచుకుంటే గిట్టుబాటవుతుంది. ఫొబ్జిఖాకు టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు అక్టోబరు చివర్లో వస్తాయి. వాటి రెక్కలు తగలకుండా ఆ లోయలో కరెంటు తీగలు భూమిలోపల వేశారు. అక్కడి రైతుల ఇళ్ళల్లో రాళ్ళను ఎర్రగా కాల్చి చెక్కతొట్టిలో వేసి నీళ్ళు కాచే స్నానం ఉంది. చలిలో రోజంతా నడిచొచ్చిన మోకాళ్ళకు అంతకు మించిన సుఖం లేదు.

శ్రీలంకకు శంషాబాద్ నుంచి కొలంబో విమానం గంటన్నర, రెండు గంటల దారి. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి కాంకేసంతురైకి ఓడ కూడా మొదలైంది; మధ్యలో ఆగి 2024 ఆగస్టులో మళ్ళీ నడిచింది. వాతావరణాన్ని బట్టి రద్దవుతుంటుంది కాబట్టి తిరుగు టికెట్ దాని మీద ఆధారపడి తీయకూడదు. ద్వీపమంతా బస్సులు తిరుగుతాయి, ధర తక్కువ. అందరూ చెప్పేది కాండీ నుంచి ఎల్లాకు తేయాకు తోటల రైలు గురించే. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను ఆ కొండ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది. ఆ రైలు నమ్ముకునేవాళ్ళు లైను ఎంతవరకు నడుస్తోందో ముందు కనుక్కోవాలి.

తెలుగువాళ్ళకు శ్రీలంక పల్లెల్లో ఇంకో ఆసక్తి ఉండాలి. పాములాడించి, సోది చెప్పి బతికిన సంచార జాతి ఒకటి అక్కడుంది, సింహళంలో అహికుంటకులంటారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. అనురాధపురం వైపు రైలు మార్గంలో తంబుత్తేగమ, దానికి దగ్గర్లో కుడాగమ. తూర్పున అంపార జిల్లాలో అలిగంబె. ఈ ఊళ్ళల్లో వాళ్ళు స్థిరపడ్డారు. ఎన్నో తరాల కిందట విడిపోయిన తెలుగు గనుక మన చెవికి కొంత అందుతుంది, కొంత అందదు. టూరిస్టులు వాళ్ళను పాముబుట్టల ఫోటో కోసం వెతకడం పాత అలవాటు. తెలుగులో పలకరించి, కూర్చుని, పిల్లల చదువు గురించి అడిగే అతిథి దొరకడం వాళ్ళకూ అరుదే. భాషే చుట్టరికమైనచోట గైడు అక్కర్లేదు. అయితే చేతిలో కెమెరా ఉన్న చుట్టానికి, లేని చుట్టానికి తేడా వాళ్ళు కనిపెట్టగలరు.

ఇలాంటి తెలుగు పల్లె మలేసియాలోనూ ఉంది. బ్రిటిషువాళ్ళ కాలంలో గోదావరి, విశాఖ జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్ళినవాళ్ళు లోయర్ పేరాక్‌లోని బాగన్ దతో చుట్టుపక్కల స్థిరపడ్డారు. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైనదే నేటి మలేసియా తెలుగు సంఘం. కౌలాలంపూర్ నుంచి తెలుక్ ఇంతాన్‌కు బస్సు ఉంది. అక్కడి ఒరిగిన గడియార స్తంభం చూసి అందరూ తిరిగి వచ్చేస్తారు, అసలు కొబ్బరి తోటలు దాని తర్వాతే మొదలవుతాయి. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ప్రభుత్వ హోంస్టే పథకం 1995 నుంచీ ఉంది, పహాంగ్‌లోని దేశ ముర్ని గ్రామాలతో మొదలైంది. పెట్రోనాస్ జంట శిఖరాల ముందు ఫోటో దిగి తిరిగొచ్చేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతులు తెలుసు?

మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు, పల్లెల్లో సింహాద్రి అప్పన్న పూజ ఉన్నాయి. కానీ విమాన ఛార్జీ చిన్న బడ్జెట్‌ను దాటిపోతుంది.

వియత్నాం ఈమధ్య తెలుగు యాత్రా ఛానెళ్ళ పుణ్యమా అని బాగా తెలిసిన దేశమైంది. ఈ-వీసా 25 డాలర్లు. మాయ్ చౌ లోయలో థాయ్ తెగవాళ్ళ నిట్రాళ్ళ ఇళ్ళల్లో, వెదురు నేల మీద పరుపు, దోమతెర, రాత్రి అందరూ ఒకే చాపమీద కూర్చుని భోజనం. శాకాహారులు ‘చాయ్’ అన్న బోర్డు వెతుక్కోవాలి. గోదావరి లంకవాసులు చూడదగ్గ ఊరు మధ్య వియత్నాంలోని తాన్ హోవా. ఏటా వరద ముంచే ఈ ఊళ్ళో డ్రమ్ముల మీద తేలే ఇళ్ళు కట్టుకున్నారు. నీళ్ళొస్తే ఇల్లు లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. 2023 ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో అదొకటి. ఛానెళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, ఒక యువకుడు ఒక్క సంచీతో ఎంతలో తిరిగాడో విని నలుగురున్న కుటుంబం లెక్క వేసుకోవడం. అతను స్టేషన్లో పడుకున్న రాత్రి వీడియోలో సరదాగా ఉంటుంది. అమ్మమ్మతో కలిసి ఆ రాత్రి గడపలేరు.

ఇక యూరప్. అక్కడ చవక అనేదే ఉండదన్నది సగం నిజం. షెంగెన్ వీసా 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. దంపతులకు 180, అంటే 18 వేల రూపాయలకు పైనే, తిరస్కరించినా తిరిగి రావు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ గుమ్మం దాటాక మాత్రం పల్లెలు నగరాలకంటే చవక. ఎందుకో చాలామందికి తెలియదు. జర్మనీ నల్ల అడవి ప్రాంతంలో ‘కోనుస్’ అనే అతిథి కార్డు ఉంది. పథకంలో ఉన్న ఊళ్ళో ఒక రాత్రి బస చేస్తే చాలు, ఆ ప్రాంతపు బస్సులు, లోకల్ రైళ్ళు ఉచితం. ఆ డబ్బు అతిథులు రాత్రికి కట్టే చిన్న పన్నులోంచే వస్తుంది. స్విట్జర్లాండ్ దక్షిణాన తిచీనో రాష్ట్రం 2017 నుంచి ఇలాంటి టికెట్టే ఇస్తోంది. లక్సెంబర్గ్‌లో 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సు, రైలు, ట్రాము ఎవరికైనా ఉచితం. జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకు నెలసరి టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు చెల్లదు, నెలలో పదో తేదీలోపు రద్దు చేసుకోకపోతే మరో నెల డబ్బు కోస్తారు. కొడుకు ఆఖెన్‌లోనో మ్యూనిక్‌లోనో చదువుతున్నాడని చూసిపోవడానికి వెళ్ళే తల్లిదండ్రులు హాస్టల్ వరండా, నగర కూడలి చూసి వచ్చేస్తున్నారు. అదే డబ్బుతో నల్ల అడవి పల్లెలో మూడు రాత్రులు గడపవచ్చు.

ఇటలీలో అగ్రితురిస్మో పేరుతో రైతుల ఇళ్ళల్లో బస చేయవచ్చు. 1985 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం ప్రకారం సేద్యమే ప్రధాన వృత్తిగా ఉన్నవాడే ఆ బోర్డు పెట్టాలి; రిసార్టు కట్టి పక్కన నాలుగు ఆలివ్ చెట్లు నాటితే కుదరదు. మన దగ్గర శివార్లలో వెలుస్తున్న ‘ఫామ్ స్టే’ బోర్డులు చూసినవాళ్ళకు ఈ నియమం విలువ తెలుస్తుంది.

ఇంగ్లాండులో పల్లె చూడ్డానికి కాళ్ళు చాలు. ఇంగ్లాండు, వేల్స్‌లలో కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల కాలిబాటల మీద ఎవరికైనా నడిచే హక్కుంది, అది ప్రైవేటు పొలం మధ్యనుంచి పోయినా సరే. ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ కార్మికులు జమీందార్ల వేట భూముల్లోకి, కిండర్ స్కౌట్ కొండ మీదికి గుంపుగా చొచ్చుకుపోయారు, కొందరు జైలుకెళ్ళారు. 2000లో వచ్చిన చట్టం దాకా ఆ పోరాటం సాగింది. ఇంగ్లాండు లోకల్ బస్సుల్లో ఒకవైపు ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ 2025 నుంచి 3 పౌండ్లు. 1791లో మొదలైన అక్కడి ఆర్డ్‌నెన్స్ సర్వే అచ్చువేసే పటంలో ప్రతి కాలిబాటా ఆకుపచ్చ గీతలతో ఉంటుంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా సంస్థ గేటు ముందునుంచి రోజూ ఆఫీసుకు పోయే మనవాళ్ళకు ఒక కాగితం పటం చేతపట్టి ఊరి దారి వెతుక్కునే అలవాటే లేదు. ఫోన్ సిగ్నల్ పోయిన లోయలో అది చాలా అవసరమవుతుంది.

ఖర్చు లేకుండా పల్లెలో ఉండటానికి మరో దారి పని. 1971లో స్యూ కొపార్డ్ అనే లండన్ ఉద్యోగిని వారాంతాల్లో సేంద్రియ పొలాల్లో పనిచేయడానికి మొదలుపెట్టిన ఏర్పాటు ‘వూఫ్’ పేరుతో ప్రపంచమంతా పాకింది. రోజుకు కొన్ని గంటలు కలుపు తీస్తే తిండి, బస. కాగితం మీద బాగుంది. కానీ డబ్బు చేతులు మారకపోయినా తిండికీ బసకూ బదులుగా చేసేది పనే అని చాలా దేశాలు చూస్తాయి. టూరిస్టు వీసా మీద వెళ్ళి, విమానాశ్రయంలో ‘పొలంలో సాయం చేస్తాను’ అని అమాయకంగా చెప్పిన కుర్రాడు వెనక్కి తిరగాల్సి రావచ్చు. ఆ దేశపు నిబంధన ముందే చదవకుండా ఈ దారి పట్టకూడదు. యూత్ హాస్టళ్ళు ఇంతకంటే భద్రమైన మార్గం. భారత యూత్ హాస్టళ్ళ సంఘం 1949 నుంచీ ఉంది. ఆ సభ్యత్వ కార్డు విదేశాల్లోని అనుబంధ హాస్టళ్ళల్లోనూ చెల్లుతుంది. వాటికి వయసు పట్టింపు కూడా పెద్దగా లేదు.

ఉప్పల్, నాచారం నుంచి విదేశం పోయేవాళ్ళలో ఒక పెద్ద వర్గం ఈ చర్చలోకి రాకుండా మిగిలిపోతోంది: అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు. వాళ్ళకు బస ఉచితం, భోజనం ఉచితం, ఆరు నెలల కాలం చేతిలో ఉంటుంది. అయినా పల్లె దక్కదు. అమెరికా గ్రామసీమకు బస్సు లేదు. కొడుక్కి సెలవు దొరికిన శని, ఆదివారాలే వాళ్ళ ప్రపంచం. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ దాకా పోయి, గుర్రపు బండ్లమీద తిరుగుతూ కరెంటు తీగ లేని ఇళ్ళల్లో సేద్యం చేసుకునే ఆమిష్ రైతులను చూసొస్తారు. అది ఒక పూట పనే అయినా, నలభై ఏళ్ళ కింద ఎడ్లతో దున్నిన మనిషి ఆ పొలంగట్టున నిలబడి అడిగే ప్రశ్నలకు మనవడి దగ్గర జవాబులుండవు. జాతీయ ఉద్యానవనాల పాస్ 2025 దాకా విదేశీయులకూ 80 డాలర్లే. 2026 జనవరి 1 నుంచి అమెరికావాసులు కానివారికి దాన్ని 250 డాలర్లు చేశారు. పాస్ లేకపోతే గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ వంటి 11 చోట్ల మనిషికి వంద డాలర్లు అదనం. కారులో ఎవరెవరు ఉన్నారన్నది ఇప్పుడు లెక్కలోకి వస్తుంది.

సామాను గురించి ఒక మాట. ఆవకాయ, కందిపొడి లేని తెలుగు సూట్‌కేసు ఉండదు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. అంటే నెయ్యి డబ్బా కస్టమ్స్ బల్ల మీదే ఆగిపోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకైతే తినేది ఏదైనా ఫారంలో రాయాల్సిందే, రాయకపోతే జరిమానా. పల్లె ఇంట్లో బస చేస్తూ సొంత వంట మొదలుపెట్టేవాళ్ళు ఆ ఇల్లాలికి రావాల్సిన భోజనం డబ్బు పోగొడుతున్నామని గమనించరు. హోంస్టేల్లో గది అద్దె కంటే వాళ్ళకు మిగిలేది పళ్ళెం మీదే.

సెలవుల సంగతికొస్తే, వేసవి సెలవుల్లో నేపాల్ కొండలు పొగమంచులా దుమ్ము కప్పుకుని ఉంటాయి, యూరప్ పచ్చగా ఉంటుంది. దసరా సెలవులు నేపాల్‌కు అన్నివిధాలా సరిపోతాయి గానీ అదే సమయంలో వాళ్ళ దశైన్ పండగ. ఊళ్ళకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి, పండగ నడి రోజుల్లో దుకాణాలు మూసేస్తారు. ముందే ఊరు చేరుకుని కదలకుండా ఉండగలిగితే ఇంటివాళ్ళు నుదుట బియ్యపు టీకా పెడతారు. ఎవరూ ఆలోచించనిది సంక్రాంతి. మన మకర సంక్రాంతి రోజే థారూలకు మాఘీ, వాళ్ళ కొత్త సంవత్సరం. ఆ వేళ బియ్యప్పిండితో ఆవిరి మీద ఢిక్రీ వండుతారు, నత్తల కూర చేస్తారు, ఊరి పెద్దను ఆ ఏటికి ఎన్నుకుంటారు. తెరాయిలో అప్పుడు చలి, మధ్యాహ్నం దాకా మంచు, రైళ్ళు ఆలస్యం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, మాఘీకి అమల్తరిలో ఉండాలనుకునేవాళ్ళు నవంబరు రెండో వారానికల్లా చర్లపల్లి నుంచి టికెట్ తీసుకుని, ఓటరు కార్డు వెతికి పెట్టుకోవాలి. నత్తల కూర తినాలో వద్దో అక్కడికి పోయాక చూసుకోవచ్చు.